తోటివారి సర్కిల్, అడిగినప్పుడు మెంటార్: రెండేళ్ల వాడకం తర్వాత

ఆరుగురు సామాజిక ఆవిష్కర్తలు (సమాజ సమస్యలకు కొత్త పరిష్కారాలు వెతికేవారు) నెలకోసారి గంటన్నర కూర్చుని తమ పనిలోని చిక్కులను ఒకరి ముందొకరు పెట్టుకునే సర్కిల్, దానికి తోడు ఒక్కొక్కరికి ఆర్నెల్లకు ఆరు గంటల మెంటార్ (అనుభవమున్న సలహాదారు) సమయం. సర్కిల్ మొదటి నుంచీ బాగానే నడిచింది. మెంటార్ భాగాన్నే రెండుసార్లు మార్చుకోవాల్సి వచ్చింది.

సర్కిల్ పద్ధతి కొత్తదేం కాదు. 1940ల్లో బ్రిటన్ బొగ్గు గనుల మేనేజర్లతో రెగ్ రెవాన్స్ చేయించిన యాక్షన్ లెర్నింగే, అంటే తోటివారితో కలిసి తమ అసలు సమస్యల మీదే పనిచేస్తూ నేర్చుకునే పద్ధతే, దీనికి మూలం. సలహా కన్నా ముందు ప్రశ్న. మొదటి 10 నిమిషాలు పోయిన నెల ఒప్పుకున్న పనుల లెక్క. తర్వాత రెండు సమస్యలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. చెప్పడానికి 5, వివరాలు అడగడానికి 10. ఆపై 15 నిమిషాలు మిగతావాళ్లు మాట్లాడుకుంటుంటే, సమస్య తెచ్చినవారు నోరు మెదపకుండా రాసుకోవాలి. ఆన్‌లైన్ అయితే కెమెరా ఆపేయాలి, మొహం కనిపిస్తే అందరూ మెత్తబడతారు. మిగిలిన 10 నిమిషాల్లో ఏ తేదీకి ఏం చేస్తారో తేలాలి.

చెడేది ఎక్కువగా ప్రశ్నల దగ్గరే. “ఇంకో సంస్థతో కలిసి చేయొచ్చుగా?” అన్నది ప్రశ్న వేషం వేసుకున్న సలహా. “డబ్బు ఆగినప్పుడు ముందు ఏ ఖర్చు ఆపారు?” అన్నది ప్రశ్న. టైమ్ చూసేవారికి అక్కడికక్కడే ఆపే అధికారం ఉండాలి. నలుగురికన్నా తగ్గితే వాయిదా వేయడమే మేలు. ఒకే గ్రాంటుకు పోటీపడే ఇద్దరిని కలిపి కూర్చోబెడితే మాత్రం డబ్బు సంగతి ఎవరూ విప్పరు.

ఇక మెంటార్. “ఎప్పుడైనా ఫోన్ చేయండి” అంటే ఎవరూ చేయరు, మొహమాటం. నెలనెలా తప్పనిసరి చేస్తే కుశల ప్రశ్నలతోనే సరిపోతుంది. చివరికి కుదిరిన ఏర్పాటు ఇది: గంటలు మీవి, ఏ విషయానికైనా వాడుకోవచ్చు, మెంటార్ బదులు అకౌంటెంట్‌తోనైనా సరే. కానీ రెండు రోజుల ముందు ఒక పేజీ నోట్ పంపాలి, అందులో తేల్చుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే ఉండాలి. వాడని గంటలు ఆర్నెల్లకు రద్దు. నోట్ రాస్తుండగానే జవాబు దొరికేసి గంట మిగిలిపోవడమూ కద్దు. (దాన్ని సర్కిల్‌లో ఇంకొకరికి ఇచ్చే వీలుంటే బాగుండేది, లేదు.)

నిధులు ఎవరికివ్వాలో తేల్చే ఎంపికలో కూర్చునేవారిని మెంటార్‌గా పెట్టకండి. సిబ్బందికి రెండు నెలలుగా జీతాలు ఇవ్వలేదన్న మాట వాళ్ల ముందు ఎవరి నోటా రాదు.