ఫంక్షన్ హాలు ముందు తోట: ఆరేళ్ళ వాడకం తర్వాత

భీమవరం వైపు వరిచేను మెరక చేసి కట్టిన హాలు. ముందు 6,000 చదరపు అడుగుల పచ్చిక, అంచుల్లో పూలమొక్కలు, పక్కన 40 కార్లు పట్టే పార్కింగ్. ఆరు వానాకాలాలు, ఆరు ఎండాకాలాలు గడిచాక ఏది పనికొచ్చింది, ఏది పోయింది అన్నదే ఈ సమీక్ష.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మెరక మట్టి. రొయ్యల చెరువు గట్ల మట్టి చవగ్గా వస్తుందని తోలిస్తే దాంతోపాటు ఉప్పూ వస్తుంది. పరిచిన గడ్డి రెండు నెలల్లో చివర్లు మాడి, తర్వాత గుండ్రటి మచ్చలు మచ్చలుగా చచ్చిపోతుంది. అలాంటి చోట 100 చదరపు అడుగులకు 3 కిలోల చొప్పున జిప్సం కలిపి, మంచినీళ్ళు నిండా పెట్టి ఉప్పును కిందికి దించాలి. ఆ నీరు బయటికి పోయే దారి లేకపోతే జిప్సం వేసీ లాభం లేదు. పై 8 అంగుళాలు మాత్రం గోదావరి లంకల ఒండ్రు రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి వేసిందే ఇప్పటికీ బాగుంది. లంక మట్టితో వచ్చే చుట్టం తుంగ అనే కలుపు. పైన పీకితే గడ్డలు లోపలే ఉండి మళ్ళీ మొలుస్తాయి. గరిక జాతి పచ్చిక అయితే చెరకులో వాడే హాలోసల్ఫ్యూరాన్ మందు పనిచేస్తుంది, గడ్డికి దెబ్బ తగలదు.

డబ్బుకు పూర్తి విలువ ఇచ్చింది మురుగు ఏర్పాటు. 100 అడుగులకు అడుగు వాలు, 15 అడుగులకొకటి చొప్పున అడుగున్నర లోతు కందకం, అందులో 4 అంగుళాల చిల్లుల పైపు, చుట్టూ 20 ఎంఎం కంకర, దాన్ని చుట్టేస్తూ నీటిని వదిలి మట్టిని ఆపే జియో గుడ్డ. గుడ్డ చుట్టకుండా వదిలేసిన ఒక్క వరసా రెండో ఏడాదికే రేగడి బురదతో పూడుకుపోయింది. ఇంకో సంగతి: పైపు మూతి రోడ్డు పక్క బోదెలోకి పెడితే ఎండాకాలంలో అంతా బాగానే కనిపిస్తుంది. ఆగస్టు తర్వాత బోదె నిండి, నీళ్ళు వెనక్కి పచ్చికలోకే ఎక్కుతాయి. మూతి బోదె నిండుమట్టం కంటే పైన ఉండాలి. అంత ఎత్తు కుదరకపోతే ఓ మూల సంపు తవ్వి అర హెచ్‌పీ మోటారు పెట్టడమే మార్గం. పైపులు ఎక్కడున్నాయో ప్రహరీ గోడ మీద రంగుతో గుర్తులు వేయించండి. షామియానా వాళ్ళు మేకు దించేటప్పుడు కింద ఏముందో చూడరు.

గడ్డి విషయంలో మెక్సికన్ గ్రాస్ ఫొటోల్లో అందంగా ఉంటుంది. పెళ్ళికి వెయ్యి మంది తొక్కితే తేరుకోవడానికి నెల పడుతుంది, ఈలోగా ఇంకో పెళ్ళి వస్తుంది. గరిక జాతి సెలక్షన్ గడ్డి పది పన్నెండు రోజుల్లో లేచి నిలబడింది, కాస్త ఉప్పు నీళ్ళనూ ఓర్చుకుంది. దానికి నీడ పడదు. చెట్ల కింద గడ్డి ఆశ మానుకుని గులకరాళ్ళో, రియో అనే నీడ మొక్కో వేసుకోవడం మేలు. బఫే కోసం పరిచే తివాచీ తెల్లారేసరికి తీసేయాలి, రెండు రోజులుంచితే గడ్డి పసుపెక్కుతుంది.

నీళ్ళ లెక్క ముందే వేసుకోవాలి. మండువేసవిలో ఈ పచ్చిక రోజుకు దాదాపు 2,800 లీటర్లు తాగుతుంది. సరిగ్గా అప్పుడే, ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, చేతికందేది ఉప్పు బోరు ఒక్కటే. అందుకే మార్చి తర్వాత కొత్త గడ్డి పరవొద్దు. డిసెంబరు, జనవరిల్లో పరిస్తే కాలువ కట్టేసేనాటికి వేళ్ళు దిగుతాయి.

మొక్కలు కడియం, కడియపులంక నర్సరీల నుంచే వచ్చాయి. మొక్కలో లోపం లేదు, నాటడంలోనే ఉంది. సంచిలోని ఒండ్రు గడ్డను అలాగే నల్లరేగడి గోతిలో దించితే ఆ గొయ్యి కుండలా నీళ్ళు పట్టి వేరు కుళ్ళుతుంది. సంచి లోపల గుండ్రంగా చుట్టుకున్న వేళ్ళను కత్తిరించి, గోతి అంచుల్ని పారతో గరుకు చేసి, గడ్డ పైభాగం నేలకంటే 3 అంగుళాలు ఎత్తులో ఉండేలా నాటినవి బతికాయి.

నూరువరహాల మొక్క ఉప్పుకు ఓర్వదు, ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే కోలుకుంటుంది, కొన్నాళ్ళకు మళ్ళీ మొదటికే వస్తుంది. దాని బదులు గన్నేరు, కాగితపు పూలు వేయడం తెలివైన పని. గన్నేరు విషం, పిల్లలు ఆడే వైపు వద్దు. నీడకు కానుగ, పొగడ, గంగరావి బాగా నిలబడ్డాయి. తురాయి కొమ్మలు గాలివానకు పుటుక్కున విరుగుతాయి. రాయల్ పామ్ ద్వారానికి హుందాగా ఉంటుంది గానీ మట్ట ఊడి కారు మీద పడితే బాగు చేయించాల్సింది హాలు యజమానే. కొబ్బరి మీద తెల్లదోమ చేరితే కింద నిలిపిన కార్లన్నీ జిగురు, నల్లమసి.

పార్కింగులో 60 ఎంఎం మందం సిమెంటు పేవర్లు కార్లకు చాలు. క్యాటరింగ్ డీసీఎంలు, పెళ్ళి బస్సులు తిరిగే దారిలో 80 ఎంఎం వేయాలి. రేగడి మీద కనీసం అడుగు గ్రావెల్ పొరలు పొరలుగా దిమ్మిస చేయించి, పైన ఇసుక 40 ఎంఎం మించకుండా పరవాలి. కింద తగ్గించిన గ్రావెల్‌ను పైన ఇసుకతో సరిచేసిన చోటల్లా చక్రాల గాడులు పడ్డాయి. మర్రి జాతి ఫైకస్ చెట్టు పేవర్లకు 15 అడుగుల లోపు వద్దు, వేరు రాయిని లేపేస్తుంది.

లైట్ల జంక్షన్ బాక్సులు పచ్చికలో పూడ్చడం అన్నిటికంటే చెడ్డ నిర్ణయం. అవి గోడకు అడుగున్నర ఎత్తులో ఉండాలి, తోట లైన్‌కు విడిగా 30 ఎంఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి. వంటల వెనకవైపు గంజి, వేడినీళ్ళు పారబోసే చోట ఏ మొక్కా బతకలేదు. అక్కడ సిమెంటు గచ్చు, జాలీ మూత ఉన్న మురుగ్గుంట చాలు.