మూడు నోడ్లంటే మూడు మెషీన్లు అనుకుని సర్చ్ క్లస్టర్ కొనేవాళ్ళు కాస్త ఆగండి

ఎవరో చెప్పనక్కర్లేదు, పండగ పండగకీ సగం రేటంటూ మెసేజీలు పెట్టే హోస్టింగ్ వాళ్ళే. మాది బైక్ స్పేర్ పార్టుల సైటు, సర్చ్ మొత్తం ఎలాస్టిక్‌సర్చ్ అనే సాఫ్ట్‌వేర్ మీదే. అది నడిచే ఒక్కో సర్వర్ నోడ్, అవన్నీ కలిస్తే క్లస్టర్. "మూడు నోడ్లు సార్, హై అవైలబిలిటీ, ఒకటి పోయినా ఆగదు" అన్నారు, ఏడాది డబ్బు ఒకేసారి కట్టేశాను. నా తెలివి అలా ఏడిసింది.

శనివారం రాత్రి పదకొండింటికి మూడు నోడ్లూ ఒకే నిమిషంలో పడిపోయాయి. మామూలుగా ఒకటి పోతే మిగతా రెండూ మెజారిటీ కాబట్టి అవసరమైతే కొత్త మాస్టర్‌ని (క్లస్టర్‌ని నడిపే నోడ్‌ని) ఎన్నుకుంటాయి, రెప్లికాలు (డేటా నకళ్ళు) ప్రైమరీలు, అంటే అసలు కాపీలవుతాయి, నిమిషం ఆగి పోయిన కాపీలు మళ్ళీ కట్టుకోవడం మొదలవుతుంది. మూడూ కలిసి ఎలా పోతాయి? టికెట్ల మీద టికెట్లు వేస్తే తెల్లవారుజామున ఒకతను ఫోన్ చేసి తాపీగా, "ఫిజికల్ హోస్ట్‌లో, అంటే అసలు మెషీన్‌లో, డిస్కులు పోయాయి సార్, మీ నోడ్లు నడిచే మూడు వీఎంలూ (వర్చువల్ మెషీన్లూ) అందులోనే ఉన్నాయి" అన్నాడు. అదేంటయ్యా, ఒకటి పోయినా ఆగదన్నారుగా అంటే, "మూడు నోడ్లు ఇస్తామన్నాం, మూడు మెషీన్లని ఎక్కడా రాయలేదు, అగ్రిమెంట్ చూసుకోండి" అని పెట్టేశాడు. పెట్టేసేలోపు వెనకాల ఎవరో నవ్వడం కూడా వినబడింది. చూశాను. నిజంగానే రాయలేదు!

ఒకే కొమ్మకి మూడు ఉయ్యాలలు కట్టి అమ్మారన్నమాట.

నా తప్పూ ఉంది. రోజూ డాష్‌బోర్డులో గ్రీన్ (కాపీలన్నీ ఉన్నాయని గుర్తు) చూసి హాయిగా పడుకున్నాను. ప్రైమరీనీ దాని రెప్లికానీ ఎలాస్టిక్‌సర్చ్ ఒకే నోడ్‌లో పెట్టదు కదా అని ధీమా. కానీ దానికి కనబడేది మూడు వేర్వేరు ఐపీలు, కింద ఉన్నది ఒకే డబ్బా అని మనం చెబితే తప్ప దానికేం తెలుస్తుంది? పైగా రెప్లికా ఉందిగా అని స్నాప్‌షాట్లు (విడిగా దాచుకునే బ్యాకప్‌లు) తీయలేదు. డేటాబేస్ వేరేచోట ఉండబట్టి సరుకుల వివరాలు మళ్ళీ ఎక్కిస్తున్నాను, కస్టమర్లు ఏమేం వెతికారో ఆ లాగ్‌లు మాత్రం పోయినట్టే. ఆదివారమంతా "యాక్టివా బ్రేక్ షూ" అని కొడితే ఖాళీ పేజీ.

కొనేముందు నోడ్లు వేర్వేరు హోస్టుల మీద, వీలైతే వేర్వేరు జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) ఉంటాయని రాయించుకోండి. ప్రతి నోడ్‌కీ జోన్ పేరు ఇచ్చి అలొకేషన్ అవేర్‌నెస్ (కాపీలని వేర్వేరు జోన్లకి పంచే సెట్టింగ్) పెట్టండి, స్నాప్‌షాట్లు ఇంకొకళ్ళ దగ్గర దాచండి. ట్రయల్‌లోనే ఒక హోస్ట్ ఆపి చూపించమనండి, నీళ్ళు నమిలితే వచ్చేయండి.

రీఫండ్ అడిగితే ఇందాక కూపన్ పంపారు, ఇంకో నోడ్ తీసుకుంటే 20 శాతం తగ్గింపట.