చెన్నై హరిత ట్రిబ్యునల్: విశాఖవాసులకు ఎంతవరకు పనికొస్తుంది?

పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో, పరిహారం అడగని కేసుకు ఫీజు వెయ్యి రూపాయలు. లాయర్ని పెట్టుకోకుండా ఎవరి కేసు వాళ్లే వాదించుకోవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారమే నడవాలన్న నిర్బంధం ట్రిబ్యునల్‌కు లేదు. కాలుష్యాన్ని ఆపించడానికి, కదలని అధికారులను కదిలించడానికి అది మంచి చోటే. నష్టపరిహారం డబ్బు చేతికి రావడం మాత్రం వేరే సంగతి.

మన రాష్ట్రం కేసులు చూసే దక్షిణ మండల ధర్మాసనం చెన్నై చెపాక్‌లోని కలస మహల్‌లో ఉంది. ఆన్‌లైన్ ఫైలింగ్, వీడియో విచారణ ఉన్నాయి కాబట్టి ప్రతి వాయిదాకీ రైలెక్కనక్కర్లేదు. ఖర్చంతా కాగితాల దగ్గరే. తెలుగులో ఉన్న అర్జీలు, తీర్మానాలు, పేపర్ కటింగులు అన్నింటికీ ఇంగ్లీషు అనువాదం జతపరచాలి. జిరాక్సులు, నోటరీ కూడా కలుపుకుంటే ఆ వెయ్యి రూపాయలు లెక్కలోకే రావు.

వేగానికి విశాఖే సాక్ష్యం. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోతే, మర్నాడే ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు తీసుకుని ఎల్జీ పాలిమర్స్‌ను 50 కోట్లు డిపాజిట్ చేయమంది. అలా సుమోటోగా తీసుకునే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2021 అక్టోబరు 7న సుప్రీంకోర్టు తేల్చేసింది. అయితే మీ వీధిలో పడే బొగ్గు ధూళికి అంత వేగం ఆశించకండి.

ముందు చూసుకోవాల్సింది కేసు అక్కడ నిలుస్తుందా అన్నది. ట్రిబ్యునల్ పరిధి 2010 నాటి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న 7 చట్టాల వరకే. నీరు, గాలి, పర్యావరణ పరిరక్షణ, అటవీ సంరక్షణ, జీవవైవిధ్యం ఇందులో ఉన్నాయి. సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) ఉల్లంఘన, ఫ్యాక్టరీ వ్యర్థ జలాలు, రాత్రిపూట లౌడ్‌స్పీకర్లు పర్యావరణ, నీటి చట్టాల కిందకి వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టం మాత్రం షెడ్యూల్లో లేదు. కంబాలకొండ అభయారణ్యం గురించి ఆ చట్టం ఒక్కటే పట్టుకుని వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు.

ఎక్కువ నష్టం జరిగేది గడువు దగ్గర. వివాదం తేల్చమని సెక్షన్ 14 కింద వేసే అప్లికేషన్‌కు 6 నెలలు, తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు. ఆపైన ఒక్క రోజు కూడా మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. పైగా చట్టం లెక్కపెట్టేది కారణం మొదటిసారి తలెత్తిన రోజు నుంచి. 'మూడేళ్లుగా పొగ వస్తోంది' అని పిటిషన్ మొదటి పేరాలోనే రాసుకున్నవాళ్లు ప్రతివాది పని సులువు చేసినట్టే. కొత్త ఘటన, కొత్త విస్తరణ, ఫ్యాక్టరీ నడపడానికి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే కొత్త కన్సెంట్ ఉత్తర్వు, వీటిలో ఏది ఉంటే దాని తేదీ పట్టుకోవాలి. నష్టపరిహారం అడిగే సెక్షన్ 15కి 5 ఏళ్ల గడువుంది. పర్యావరణ అనుమతి మీద అప్పీలుకు 30 రోజులే, దానికీ పైన 60 రోజులు. ఆర్టీఐ అర్జీ పది రూపాయలతో పోతుంది గానీ జవాబుకు 30 రోజులు పడుతుంది. అందుకే కాలుష్య నియంత్రణ మండలి నుంచి కన్సెంట్ ఉత్తర్వు, తనిఖీ నివేదికలు, షోకాజ్ నోటీసులు మొదటి వారంలోనే అడిగేయాలి.

సాక్ష్యం విషయంలో ఫోన్ యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) స్క్రీన్‌షాట్ పెద్దగా నిలవదు. గాలిలోని సన్నని ధూళి పీఎం10కి జాతీయ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నని ధూళి పీఎం2.5కి 60. మధ్యాహ్నం ఓ గంట 300 చూపించినంత మాత్రాన ఉల్లంఘన అయినట్టు కాదు. 24 గంటల కొలత కావాలి. నీటి శాంపిల్ కూడా అంతే. నూనె, గ్రీజు పరీక్షకు గాజు సీసా వాడాలి, ఎందుకంటే ప్లాస్టిక్ గోడలకు నూనె అంటుకుని అంకె తగ్గిపోతుంది. బీఓడీ (నీటిలోని సేంద్రియ మురికి కొలత) కోసమైతే మంచులో పెట్టి వీలైనంత త్వరగా ల్యాబుకు చేర్చాలి. అయినా కోర్టులో శాంపిల్ ఫలితం చెల్లాలంటే, నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం మండలి అధికారులే తీసి, రెండు సీసాలుగా విడగొట్టి, సీలు, సంతకాలు వేయాలి. ట్రిబ్యునల్‌కు సాక్ష్య నియమాల కట్టుబాటు లేదు గానీ, ప్రైవేటు రిపోర్టు పని అధికారిక శాంపిల్ తీయించడం వరకేనని అనుకోవడం క్షేమం.

చాలా కేసుల్లో తర్వాతి అడుగు సంయుక్త కమిటీ, అంటే తనిఖీ చేసి నివేదిక ఇమ్మని ట్రిబ్యునల్ వేసే అధికారుల బృందం. బలహీనత ఇక్కడే. తనిఖీ తేదీ ముందే తెలిస్తే ఆ పూట నీళ్లు చల్లేస్తారు, బొగ్గు కుప్పల మీద టార్పాలిన్లు కప్పేస్తారు. ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేయమని పిటిషన్‌లో ఉత్తర్వులు కోరే భాగంలోనే (ప్రార్థన) రాయాలి. నివేదిక వచ్చాక అభ్యంతరాలు వేయకుండా ఊరుకోకూడదు. తీర్పు బాధ్యతను కమిటీలకు అప్పగించేస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2024 నవంబరులో గ్రాసిమ్ కేసులో, సంస్థను పార్టీగా చేర్చకుండా, వాదన వినకుండా ఇచ్చిన ఉత్తర్వును కొట్టేసింది. కాబట్టి కాలుష్యం చేస్తున్న సంస్థను పార్టీగా చేర్చడం మరవద్దు. చేర్చకుండా గెలిచిన కేసు ఢిల్లీలో కూలిపోతుంది.

డబ్బు సంగతి. పరిహారం అడిగితే ఫీజు అడిగిన మొత్తంలో 1 శాతం, అంటే 10 లక్షలకు 10 వేలు. ఎవరి పంపు పాడైంది, ఎవరి కూలి పోయింది అన్నది రెండో షెడ్యూల్లోని పద్దుల వారీగా బిల్లులతో చూపించాలి. పర్యావరణానికి జరిగిన నష్టం పేరిట వేసిన సొమ్ము మీకు రాదు, సహాయ నిధికి పోతుంది. మీకు అనుకూలంగా ఉత్తర్వు వచ్చినా అవతలివాడు కట్టకపోతే దాన్ని సివిల్ డిక్రీలా అమలు చేయించాలి. తిరిగి తిరిగి మళ్లీ మన జిల్లా కోర్టులో ఈపీ (ఉత్తర్వు అమలు కోరే పిటిషన్) దగ్గరికే వచ్చే అవకాశం ఉంది.

అలాగని నేరుగా సివిల్ కోర్టుకు పోదామంటే, ట్రిబ్యునల్ తేల్చగల వివాదాలు అక్కడ నడవవని సెక్షన్ 29 చెబుతోంది. ప్రతివాది మొదట వేసే అభ్యంతరం అదే. ఆ 7 చట్టాలతో పనిలేని పొరుగింటి ఇబ్బందులకే సివిల్ దావా మేలు. అక్కడ ఫోటోలు, వీడియోలు పెడితే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ హ్యాష్ విలువతో (ఫైలును గుర్తించే డిజిటల్ కోడ్) సహా జతచేయాలి. ఇది 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. పాత సాక్ష్య చట్టం నాటి 65బీ ఫార్మాట్ టైపు చేసి పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, చూసుకోండి.

చెన్నైకి ముందు కాలుష్య నియంత్రణ మండలిని వదలకండి. పర్యావరణాన్ని బాగుచేసే నష్టపరిహారాన్ని మండళ్లే విధించవచ్చని 2025 ఆగస్టు 4న లోధీ ప్రాపర్టీ కేసులో సుప్రీంకోర్టు అంది, అందుకు నియమాలు ఉండాలన్న షరతుతో. 'అనుమతి లేకుండా కట్టాక అనుమతి ఇవ్వకూడదు' అన్న సుప్రీంకోర్టు 2025 మే నాటి వనశక్తి తీర్పును పాత పిటిషన్ల నుంచి కాపీ కొట్టకండి. అదే ఏడాది నవంబరు 18న 2-1 మెజారిటీతో సుప్రీంకోర్టే దాన్ని వెనక్కి తీసుకుంది.

అదే విషయం మీద హైకోర్టులో ఇప్పటికే పిల్ ఉంటే చెన్నైకి వెళ్లి లాభం లేదు. రుషికొండ నిర్మాణాల వ్యవహారంలో హైకోర్టు విచారిస్తుండగా ట్రిబ్యునల్ నడిపిన ప్రొసీడింగ్స్‌ను 2022 జూన్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అలాంటప్పుడు ఆ పిల్‌లోనే మిమ్మల్నీ పార్టీగా చేర్చమని ఇంప్లీడ్ పిటిషన్ వేసుకోవడం మంచిది.