తెలుగు వికీపీడియా: ఊళ్లకు చోటు దొరికింది, కథకులకు దొరకాలి

హన్మకొండలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్తాను. పాఠానికి తయారయ్యేటప్పుడు ఎక్కువగా తెరిచేది తెలుగు వికీపీడియానే. 2003లో మొదలైంది. పైసా కట్టక్కర్లేదు, ప్రకటనల గోల లేదు. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది, 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హన్మకొండ అయింది. ఏ ఊరు ఏ జిల్లాలోకి పోయిందో తెలియాలంటే నేను ముందు ఇక్కడే చూస్తాను.

నా బాధంతా దేనికి పేజీ ఉండాలి అన్న దగ్గరే. రెవెన్యూ గ్రామమైతే చాలు, పేజీ ఉంటుంది. 2011 జనగణన ప్రకారం ఇళ్లెన్ని, ఆడవాళ్లెంతమంది, బడి ఎక్కడ, భూమి ఎన్ని హెక్టార్లు, అన్నీ ఉంటాయి. చాలా పేజీలు అక్కడితోనే ఆగిపోతాయి. పద్మశాలీల వాడకొచ్చి మార్కండేయ పురాణం చెప్పే కూనపులి వాళ్ల సంగతేంటి? వీళ్లు, చేర్యాల చిత్రకారులైన నకాషీలు బొమ్మలు వేసిన పొడవాటి గుడ్డ పటాన్ని వరుస తర్వాత వరుస విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ, పాడుతూ పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ నడిపిస్తారు. అలాంటి కళాకారుడికి పేజీ పెట్టాలంటే 'విషయ ప్రాముఖ్యత' చూపించాలి. అంటే ఆయన గురించి వేరేవాళ్లు రాసి అచ్చేసినవి కావాలి. నోటితో బతికే కళకు కాగితం సాక్ష్యం ఎక్కడినుంచి వస్తుంది?

అట్లాగని రూలు ఎత్తేయమనను. అది లేకపోతే ప్రతి రియల్ ఎస్టేట్ వెంచర్‌కూ ఒక పేజీ పుడుతుంది. పైగా ఇక్కడ గొడవ చాటుగా జరగదు. పేజీ మీదున్న 'చర్చ' నొక్కితే ఎవరేమన్నారో కనిపిస్తుంది. తీసేయాలన్నవాళ్లు కారణం చెప్పాలి, ఉంచాలన్నవాళ్లు మూలం చూపాలి. తలలు లెక్కపెట్టి తేల్చే పద్ధతి కాదు. ఇది నాకు బాగా నచ్చింది.

నిజానికి మనకు కాగితం బొత్తిగా లేకపోలేదు. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం మన వరంగల్లోనే ఉంది. కూనపులి వాళ్లలా ఒక కులాన్ని ఆశ్రయించి కథలు చెప్పి బతికే ఆశ్రిత కులాల కళల మీద పీహెచ్‌డీలు చేసినవాళ్లున్నారు. నలుగురికీ అందుబాటులో ఉన్న సిద్ధాంత గ్రంథం మూలంగా చెల్లుతుంది. అందుకే మా పిల్లలకు ముందు పుస్తకం పట్టండి, పేజీ నంబరు రాసుకోండి, ఆ తర్వాతే వికీ తెరవండి అని చెప్తాను. ఒక్క మనిషి మీద విడిగా పేజీ నిలవదనిపిస్తే, ఆ కళ పేజీలోనే మూలంతో సహా ఒక పేరా చేర్చండి. దాన్ని తీసేయడం అంత తేలిక కాదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను.