బెన్నీ హిల్ డీవీడీ సెట్లు ఆరు: ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

పొట్టి బట్టతల ముసలాయన నెత్తిమీద టపటపా దెబ్బలు, పార్కులో రెట్టింపు వేగంతో పరుగులు, వెనక శాక్సఫోన్. ఫోన్లో అరనిమిషం ముక్కలుగా తిరిగే బ్రిటిష్ టీవీ హాస్యనటుడు బెన్నీ హిల్ షో ఇంతే. అవి చూసి కొందరు పడీపడీ నవ్వుతారు, కొందరు ఛీ అంటారు. రెండు పక్షాలవాళ్ళూ చూసింది అసలు షోలో చిన్న భాగమే.

అసలు షో పూర్తిగా కావాలంటే అమెరికాలో ఏ అండ్ ఈ సంస్థ 2004 నుంచి 2007 దాకా తెచ్చిన ‘కంప్లీట్ అండ్ అన్‌అడల్టరేటెడ్’ సెట్లు ఒక మంచి దారి. లండన్ టీవీ సంస్థ థేమ్స్ టెలివిజన్‌లో 1969 నుంచి 1989 వరకు వచ్చిన గంట ఎపిసోడ్లను ఏళ్ల వరసలో ఆరు సెట్లుగా సర్దారు. మొదటిది 1969–71, రెండోది 1972–74, మూడోది 1975–77, నాలుగోది 1978–81, అయిదోది 1982–85, ఆరోది 1986–89. ఈ వరసే వీటి అసలు విలువ. ఎందుకంటే 1979లో ఈ షో అమెరికా టీవీలకు వెళ్ళినప్పుడు గంట ఎపిసోడ్లను కోసి అరగంటవి చేశారు. వేరువేరు ఏళ్ల స్కెచ్‌లు, అంటే చిన్న హాస్య సన్నివేశాలు, పక్కపక్కన చేరాయి. ఏది ముందు చేశాడో, ఏది తర్వాత చేశాడో, మనిషి ఎక్కడ పదునుగా ఉన్నాడో, ఎక్కడ మొద్దుబారాడో చూసేవాళ్ళకు తెలిసే వీలు లేకుండా పోయింది. బెన్నీ హిల్ మీద ప్రపంచానికి ఉన్న అభిప్రాయంలో చాలా భాగం ఆ కత్తిరింపుల మీద కట్టిందే.

మొదటి సెట్టులో కొన్ని ఎపిసోడ్లు నలుపు తెలుపులో ఉంటాయి. డిస్కు పాడైందని కంగారుపడి తిప్పి పంపకండి. 1970 నవంబరు నుంచి 1971 ఫిబ్రవరి వరకు థేమ్స్ కూడా భాగమైన బ్రిటిష్ ప్రైవేటు టీవీ వ్యవస్థ ఐటీవీలో సాంకేతిక సిబ్బంది జీతాల తగాదాలో రంగుల పరికరాలు ముట్టుకోలేదు. అందుకే ఆ నెలల్లో తీసినవి అలా మిగిలాయి. ఇంకొకటి: ఒకే స్కెచ్‌లో గది లోపలి దృశ్యం తేటగా, వీధి దృశ్యం కాస్త మసకగా, గరుకుగా కనిపిస్తుంది. లోపలివి టెడింగ్టన్ స్టూడియోలో వీడియో టేపు మీద, బయటివి ఫిల్ము మీద తీశారు. ఆ రోజుల్లో బ్రిటిష్ టీవీ అంతా ఇదే తీరు.

మొదటి రెండు సెట్లలో ఎక్కువగా కనిపించేది మాటల మనిషి. ఫ్రెడ్ స్కటిల్ అని ఒక పాత్ర ఉంది. గుండ్రటి కళ్ళద్దాలు, నెత్తిన టోపీ, చెయ్యి వెనక్కి తిప్పి కొట్టే సెల్యూట్. హెన్రీ మెగీ అనే నటుడు పొడుగ్గా, హుందాగా నిలబడి ప్రశ్నలు వేస్తుంటాడు. నవ్వంతా మెగీ నవ్వకపోవడంలోనే ఉంది. స్కటిల్ ఎంత అడ్డదిడ్డంగా చెప్పినా ఆయన తర్వాతి ప్రశ్న మర్యాదగానే అడుగుతాడు. టీవీ చర్చలకు, క్విజ్‌లకు పేరడీలు చేసినప్పుడు నాలుగైదు వేషాలూ బెన్నీ హిల్ ఒక్కడే వేస్తాడు. కెమెరా కదలకుండా బిగించి, తెరలో ఒక భాగం మూసి, ఒకసారి ఇటు ఒకసారి అటు రికార్డు చేసి కలపాలి. ఆ టేపుల కాలంలో అది ఒళ్ళు వంచి చేసిన పని.

పాటలూ వదలొద్దు. ‘ఎర్నీ’ అనే పాల బండివాడి పాట 1971 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. కుర్రతనంలో బెన్నీ హిల్ ఈస్ట్‌లీలో గుర్రబ్బండి మీద పాలు పోసినవాడే. పాటలో పాలవాడికీ రొట్టెలవాడికీ ఒక విధవరాలి కోసం పోరు. రొట్టెలవాడు విసిరిన పాచిపోయిన ‘పోర్క్ పై’ (పంది మాంసం కూరిన పిండివంట) తగిలి ఎర్నీ చచ్చిపోతాడు. కౌబాయ్ సినిమా వీరగాథను పాలబండి ఎక్కించడమే చమత్కారం. ప్రాస కుదిరిన చోటల్లా రెండో అర్థం పొంచి ఉంటుంది. మన జానపదంలో సరసోక్తులు విని పెరిగినవాళ్ళకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాకపోతే ఇంగ్లీషు యాస గబుక్కున అందదు, రెండోసారి వింటేనే దొరుకుతుంది.

ఇక పరుగుల సంగతి. కెమెరాలో ఫిల్మును సగం వేగంతో తిప్పి, మామూలు వేగంతో చూపిస్తే మనుషులు రెట్టింపు వేగంతో కదులుతారు. చూడడానికి తేలికే, చేయడానికి కాదు. నటుడు గుమ్మం దగ్గరికి క్షణం ముందొచ్చినా, వెనకొచ్చినా నవ్వు చచ్చిపోతుంది. బాగా కుదిరిన చోట కెమెరా దూరంగా నిలబడి అందరినీ ఒకే ఫ్రేములో పెడుతుంది. ఇది మూకీల విద్య. బెన్నీ హిల్ చాప్లిన్‌ని ఆరాధించాడు. స్విట్జర్లాండ్‌లో చాప్లిన్ ఒకప్పుడు ఉన్న ఇంటికి 1991లో వెళ్తే అక్కడ తన షో క్యాసెట్లే కనిపించాయి.

నాలుగో సెట్టు నుంచి రుచి మారుతుంది. హిల్స్ ఏంజెల్స్ పేరుతో నాట్యబృందం వచ్చింది. స్కెచ్ మధ్యలో కథతో పనిలేని డాన్సు, కెమెరా నడుము కిందే ఎక్కువసేపు ఆగుతుంది. ‘ఆ పరుగుల్లో ఆడవాళ్ళే ఆయన్ని తరుముతారు, చివరికి దెబ్బలు తినేది ఆయనే’ అని అభిమానులు వాదిస్తారు. కథ వరకు అది చాలాసార్లు నిజమే. కానీ కెమెరా ఏం చేస్తోందో కూడా చూడాలి. కథ మగవాడిని వెర్రివాడిని చేస్తుంటే, కెమెరా ఆడవాళ్ళను వస్తువుల్ని చేస్తోంది. అయిదో సెట్టు వరసగా చూసేటప్పుడు ఈ తేడా స్పష్టంగా ఇబ్బంది పెడుతుంది. చివరి ఏళ్లలో డాన్సులు తగ్గించి చిన్నపిల్లల్ని తెచ్చారు. అది ఇంకా అతకలేదు.

బెన్నీ హిల్ మీద జనం చూపు మారడానికి కారణం ఇదొక్కటే అనుకోవడం పొరపాటు. 1979లో లండన్ సోహోలో కామెడీ స్టోర్ అనే హాస్య వేదిక తెరిచాక కొత్త తరం హాస్యనటులు వచ్చారు. అత్తగారి మీద జోకులు, పొరుగుదేశం వాడి యాస మీద జోకులు వేయకూడదని వాళ్ళు నియమం పెట్టుకున్నారు. వాళ్ళలో బెన్ ఎల్టన్ లాంటివాళ్ళు బెన్నీ హిల్‌ని పేరుపెట్టి తప్పుపట్టారు. 1989లో థేమ్స్ వినోద విభాగం అధిపతి జాన్ హోవార్డ్ డేవిస్ షో ఆపేశాడు. ఆయన చెప్పిన కారణాల్లో ప్రేక్షకులు తగ్గడం, ఖర్చు పెరగడం, మనిషి అలసిపోయినట్టు కనిపించడం కూడా ఉన్నాయి. ఆరో సెట్టు చూస్తే ఆ అలసట కళ్ళకు కడుతుంది. 1971లో పదును పెట్టిన స్కెచ్‌ల ఛాయలే మళ్ళీ వస్తాయి, నెమ్మదిగా. 1992 ఏప్రిల్లో బెన్నీ హిల్ ఒంటరిగా తన ఫ్లాట్‌లో చనిపోయాడు. ఆ దిగులు తెలిసి చూస్తే మనసు మెత్తబడుతుంది. అయితే జాలి వేరు, మెచ్చుకోలు వేరు.

మొదటి సెట్లు మచ్చలేనివని కాదు. చౌ మీన్ అనే చైనావాడి వేషం ఉంది. మేకప్, యాస, మాట తప్పుగా పలికి అర్థం తిరగేయడం, హాస్యమంతా అంతే. ఇందులో తెలుగువాళ్ళం పక్కన నిలబడి చూసేవాళ్ళం కాదు. అదే కాలంలో బీబీసీ హాస్య ధారావాహిక ‘ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్’ కథ మొదట మన దేశంలోని దేవలాలి సైనిక శిబిరంలో జరుగుతుంది. అందులో భారతీయుడు రంగీ రామ్‌గా నటించింది ముఖానికి రంగు పూసుకున్న మైకేల్ బేట్స్ అనే ఇంగ్లీషువాడు. ఆయన ఝాన్సీలో పుట్టాడు, ఉర్దూ వచ్చు. అయినా వేషం వేషమే. బీబీసీ ఆ షోను ఇప్పుడు తిరిగి ప్రసారం చేయదు. దాన్ని చూసి నొచ్చుకున్నవాళ్ళు చౌ మీన్‌ని చూసి నవ్వగలరా అన్నది తేల్చుకోవాల్సిందే.

తప్పు ఉన్న చోట కత్తెర వేయడం కంటే ముందు హెచ్చరిక పెట్టి పూర్తిగా చూపించడమే మేలు. 2020లో ‘ఫాల్టీ టవర్స్’ అనే పాత బ్రిటిష్ కామెడీలోని జర్మన్ల ఎపిసోడ్‌ను యూకేటీవీ సంస్థ తీసేసి, గొడవయ్యాక హెచ్చరికతో తిరిగి పెట్టింది. ఈ సెట్ల బలమూ అదే: తప్పు ఉన్నచోటే ఉంది, నైపుణ్యం ఉన్నచోటే ఉంది, ఎవరికి వారు తూచుకోవచ్చు.

కొనేముందు మూడు జాగ్రత్తలు. ఇవి రీజియన్ 1 (అమెరికా ప్లేయర్లలోనే ఆడేలా పెట్టిన తాళం), ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ బొమ్మ పద్ధతి) డిస్కులు. మన దేశంలో అమ్మే ప్లేయర్లు రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే తెరమీద రీజియన్ తప్పని వస్తుంది. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ అయిదుసార్లే మార్చుకోగలరు, చివరిసారి పెట్టినదే శాశ్వతం. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదు. రెండోది, బ్రిటిష్ టేపు సెకనుకు 50 ఫీల్డులది (ఫీల్డు అంటే ఒక బొమ్మలో సగం గీతలు), ఎన్‌టీఎస్‌సీ దాదాపు 60. ఆ మార్పిడిలో వేగంగా కదిలే చేతుల వెనక నీడ కనిపిస్తుంది. అది మీ టీవీ లోపం కాదు. కంప్యూటర్‌లో చూస్తే ప్లేయర్ సెట్టింగుల్లో ‘డీఇంటర్‌లేస్’ ఆన్ చేయండి, లేకపోతే అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు పడతాయి. మూడోది, బొమ్మ 4:3. టీవీ దాన్ని 16:9కి సాగదీస్తే బెన్నీ హిల్ గుండ్రటి ముఖం గుమ్మడికాయ అవుతుంది, బొమ్మ కొలత మార్చండి.

నీడలు లేని బొమ్మ కావాలంటే బ్రిటన్‌లో నెట్‌వర్క్ సంస్థ ఏడాదివారీగా తెచ్చిన ‘యాన్యువల్’ డిస్కులు మేలు, అవి రీజియన్ 2, పాల్ (పీఏఎల్ అనే బ్రిటిష్ టీవీ బొమ్మ పద్ధతి) డిస్కులు. ఆ సంస్థ 2023లో మూతపడింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లోనే వెతకాలి. పెట్టెలో ఎన్ని డిస్కులుండాలో అట్టమీద చూసి, అమ్మేవాడిని డిస్కుల వెనకవైపు ఫొటో అడగండి.

ఏ వివరణా అక్కర్లేకుండా ఇంటిల్లిపాదీ నవ్వుకోవాలంటే ఎరిక్ మోర్‌కమ్, ఎర్నీ వైజ్ జంట బీబీసీ షోలు కొనండి. 1971 క్రిస్మస్ షోలో సంగీత నిర్దేశకుడు ఆండ్రే ప్రెవిన్ నడిపే ఆర్కెస్ట్రా ముందు మోర్‌కమ్ పియానో వాయించే స్కెచ్ ఇవాళా కొత్తగా ఉంటుంది. నవ్వు ఇద్దరు స్నేహితుల మధ్య పుడుతుంది, మూడోవాడి మీద పడదు.

బెన్నీ హిల్ మాత్రమే కావాలంటే రెండో సెట్టుతో మొదలుపెట్టండి, బొమ్మ అంతా రంగుల్లో ఉంటుంది, ఆయన మంచి ఊపులో ఉన్నాడు. తర్వాత మొదటిది, మూడోది. నాలుగు చౌకగా దొరికితేనే. అయిదు, ఆరు పరిశోధన చేసేవాళ్ళకు. ఒక పూటకు ఒక్క ఎపిసోడే చూడండి, నెలల తేడాతో తీసినవి వరసగా నాలుగు చూస్తే చమత్కారాలన్నీ ఒకేలా వినిపిస్తాయి.