ఎడమ యాక్సిల్ ఇంటి దగ్గరే మార్చి మూడేళ్లు: ఏది నిలిచింది, ఏది పోయింది

మాది 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు. 2022 డిసెంబరులో, మీటరు 92 వేల దగ్గర ఉన్నప్పుడు, కడపలో మా ఇంటి వాకిట్లోనే ఎడమవైపు యాక్సిల్, అంటే గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే కడ్డీ, మార్చాను. ఎలాగూ విప్పుతున్నామని ఆ వైపు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే చేయి), రెండు వైపులా లింక్ రాడ్లు (బండి ఒరగకుండా ఆపే అడ్డ కమ్మీ చివర్లను పట్టే చిన్న కడ్డీలు) కూడా కొత్తవి వేశాను. ఇప్పుడు మీటరు లక్షా 28 వేలు దాటింది. రోజూ ఊళ్లో తిరుగుడు, నెలకు రెండు మూడుసార్లు గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటికి, మా అత్తగారింటికి. అక్కడి మలుపులూ ఇక్కడి స్పీడ్ బ్రేకర్లూ కలిసి నా పనితనాన్ని బాగానే పరీక్షించాయి.

మొదట ఏడురోడ్ల కూడలి దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడల్లా టకటకమని శబ్దం వచ్చేది. నేరుగా పోతే ఏమీ లేదు. వంగి చూస్తే ఎడమ చక్రం లోపలి అంచంతా నల్లటి గ్రీజు. బయటి సీవీ జాయింట్ (చక్రం పక్కకు తిరిగినా యాక్సిల్ తిరిగేలా చేసే కీలు) మీదుండే రబ్బరు తొడుగు, అదే బూట్, చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి పోయింది. చిరిగిన రోజే చూసుకుని ఉంటే బూట్, గ్రీజు ఖర్చుతో పోయేది. శబ్దం మొదలయ్యిందంటే జాయింట్ అరిగినట్టే, కొత్త గ్రీజు పెట్టినా లాభం లేదు. అందుకని యాక్సిల్ మొత్తం కొత్తది తెచ్చాను. అలవాటైన మెకానిక్ భాయ్ "ఇంటికాడ ఎందుకు సార్ ఈ తిప్పలు, పొద్దున తెచ్చియ్యండి, సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. వినలేదు.

తిప్పలు బండికంటే ముందు నేల దగ్గరే మొదలయ్యాయి. మా వాకిలంతా కడప బండలే. జాకీ పెట్టి నాలుగుసార్లు తిప్పానో లేదో ఫట్‌మని శబ్దం. "బావా, బండ ఇరిగిందే!" అన్నాడు రాయచోటి నుంచి సాయానికొచ్చిన మా బావమరిది. కింద మట్టి గట్టిగా ఉండి, బండ అంతా సమానంగా ఆనుకుని ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. కింద డొల్ల ఉండి, బరువంతా జాకీ పాదమంత చోట పడితే పొరరాయి ఏం ఆగుతుంది? ఆ తర్వాత రెండంగుళాల మందం చెక్క మీదే జాకీ, స్టాండ్లు పెట్టాం. విప్పిన చక్రాన్ని బండి పక్క అంచు కింద పడుకోబెట్టాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చేయి పెట్టొద్దు. ఈ మాట దగ్గర నేను బేరమాడను.

చక్రం మధ్యలో యాక్సిల్‌ను పట్టి ఉంచే యాక్సిల్ నట్టు విషయానికొస్తే, దాని అంచును గాడిలోకి కొట్టి మడిచి ఉంటారు. ముందు ఆ మడతను ఉలితో లేపాలి. చక్రం నేల మీదుండగానే బావమరిది బ్రేక్ తొక్కిపట్టుకుంటే, పానాకు మీటరు ఇనుప పైపు తొడిగి ఒక కాలు వేసి వదులు చేశాను. బిగించేటప్పుడు మాత్రం ఈ మొరటుతనం పనికిరాదు. ఎంత బిగించాలో ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది, బండికో లెక్క. అంచనా కోసం చెబుతున్నా: మీటరు పైపు చివర 20 కిలోల బియ్యం మూట వేలాడితే పడే బిగువు దాదాపు 196 న్యూటన్ మీటర్లు. నేను 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా పనిచేసే టార్క్ రెంచ్ (బిగువును కొలిచి బిగించే పానా) కొన్నాను. అప్పుడు దండగ అనుకున్నా గానీ, ఈ మూడేళ్లలో మా ఇంట్లో ఎక్కువగా అరువు పోయిన వస్తువు అదే. మడిచిన నట్టు మళ్లీ వాడకూడదు, కొత్తదే వేయాలి. అది సరిగ్గా బిగించకుండా బండి బరువు చక్రం మీద వేస్తే వీల్ బేరింగ్ దెబ్బతింటుంది. అందుకే చక్రం గాల్లో ఉండగానే, బ్రేక్ తొక్కించి పూర్తి బిగువు ఇచ్చాక దించాం.

గేర్‌బాక్స్ వైపు యాక్సిల్ ఊడదీస్తే ఆయిల్ కారుతుంది. కింద పళ్లెం పెట్టి, పోయినంత కొలిచి మళ్లీ పోశాం. ఆయిల్ సీల్ కూడా అప్పుడే మార్చాను. చిన్న ఖర్చే, కానీ తర్వాత కారితే మళ్లీ ఇదంతా విప్పాలి. కొత్త యాక్సిల్ లోపలికి నెట్టినప్పుడు టక్కుమని క్లిప్ కూర్చోవాలి. కూర్చుందో లేదో లోపలి జాయింట్ డొప్పను పట్టుకుని లాగి చూడాలి. షాఫ్ట్ పట్టుకుని లాగితే జాయింటే విడిపోవచ్చు.

ఇక సస్పెన్షన్. షాక్ అబ్జార్బర్‌ను నకిల్‌కు (చక్రాన్ని మోసే ఇనుప దిమ్మకు) కలిపే రెండు బోల్టులు విప్పే ముందు, గేటుకు వేయగా మిగిలిన వెండి రంగుతో గుర్తులు పెట్టాను. అక్కడ కొంచెం జరిగినా చక్రం వాలు మారిపోతుంది. బ్రేక్ పట్టే కాలిపర్‌ను దాని గొట్టం (హోస్) మీద వేలాడనివ్వకుండా బైండింగ్ వైరుతో స్ప్రింగ్‌కు కట్టాం. లోయర్ ఆర్మ్‌ను నకిల్‌కు కలిపే బాల్ జాయింట్ దగ్గర గంటన్నర పోయింది. దాని కాడకు ఒక గాడి ఉంటుంది, దాన్ని నకిల్‌లో బిగించే పట్టీ బోల్టు ఆ గాడిలోంచే పోవాలి. బోల్టు పోవడం లేదంటే కాడ పూర్తిగా పైకి ఎక్కలేదని అర్థం. బావమరిది సుత్తి ఎత్తాడు. ఆపి, ఆర్మ్‌ను కింది నుంచి ఇంకాస్త ఎత్తితే వేళ్లతోనే దూరింది.

అసలు తప్పు చేసింది ఆ తర్వాత. సాయంత్రమైంది, దోమలు, ఆకలి. చక్రం గాల్లో వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్‌ను బండికి కలిపే చోట ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు గట్టిగా బిగించేశాను. బండి దించి, రిమ్స్ రోడ్డు దాకా పోయొచ్చాం. టకటక లేదు. ఇద్దరం మహా సంతోషంగా కారం దోశలు తినొచ్చాం.

పదకొండు నెలలకు, బ్రేక్ వేసినప్పుడల్లా ఎడమవైపు కింద నుంచి "దడ్" అని ఒక దెబ్బ. చూస్తే కొత్త ఆర్మ్ వెనక బుష్ రబ్బరు చిరిగింది. ముందు నకిలీ సరుకని అంగడాయన మీద కోపమొచ్చింది. తప్పు నాదే. ఆ బుష్‌లో రబ్బరు బయటి ఇనుప గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు జారేదేమీ ఉండదు, రబ్బరే మెలి తిరుగుతుంది. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగించానా, బండి దించగానే రబ్బరు మెలి పడింది. ఇంట్లో ఊరికే నిలబెట్టినా మెలిక మెలికే. ఇక గుంత వస్తే మిగిలిన కాస్తా తిరిగి చిరిగింది.

రెండోసారి, 2023 చివర్లో, అదే అంగట్లో అదే రకం ఆర్మ్‌లు రెండు తెచ్చి రెండు వైపులా వేశాను. బోల్టులు మామూలుగా ఎక్కించి, బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద జాకీ పెట్టి, బండి స్టాండ్ మీద నుంచి వెంట్రుకవాసి లేచేదాకా ఎత్తి, అప్పుడు బిగించాను. బండి రోడ్డు మీదున్నప్పుడు ఆర్మ్ ఉండే ఎత్తు దాదాపు అదే. ఆ రెండు ఆర్మ్‌లూ ఇప్పటికీ ఉన్నాయి. మొన్న పలుగుతో కదిలించి చూశాను, రబ్బరులో చిరుగు లేదు. సరుకు ఒకటే, రోడ్లు ఒకటే, డ్రైవరూ నేనే. మారింది బిగించిన సమయం మాత్రమే.

లింక్ రాడ్లు వేరే కథ. చౌకగా వస్తున్నాయని తెచ్చిన జత 14 నెలలకే కటకటలాడింది. ఇక్కడ నా తప్పేమీ కనపడలేదు, రెండు చక్రాలూ సమానంగా ఎత్తి, కమ్మీ మెలి పడకుండానే బిగించాను. సరుకే అంత. తర్వాత కాస్త ఎక్కువ పెట్టి వేసినవి బాగున్నాయి. నట్టుతోపాటు లోపలి కాడ కూడా తిరుగుతుంటే దాని చివర అలెన్ కీ పెట్టి పట్టుకోవాలి. ఇది తెలియక మొదటిరోజు అరగంట గిరగిరా తిప్పుతూ కూర్చున్నాం.

యాక్సిల్ మాత్రం 36 వేల కిలోమీటర్లలో ఒక్క మాట అనిపించుకోలేదు. శబ్దం లేదు, వణుకు లేదు, గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ చెమ్మ కూడా లేదు. పని చేసిన ప్రతిసారీ మరుసటి రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించాను. ఎంత గుర్తులు పెట్టుకున్నా అది తప్పదు. మొదటిసారి గుర్తులున్నా స్టీరింగ్ కొంచెం ఎడమకు వాలింది. కొన్నాళ్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి రెంచ్‌తో చూసుకున్నాను. ఒకటి మాత్రం పావు చుట్టు తిరిగింది.

డబ్బు మిగిలిందా అంటే, టార్క్ రెంచ్, స్టాండ్లు, రెండోసారి కొన్న ఆర్మ్‌లు కలిపి చూస్తే మొదటి ఏడాది ఏమీ మిగల్లేదు. షెడ్డులో ఇచ్చి ఉంటే ఇంత ఖర్చే అయ్యేది, ఒక ఆదివారం మిగిలేది. షాక్ అబ్జార్బర్ స్ప్రింగ్ విప్పాల్సిన పనైతే మాత్రం నేను ఇప్పటికీ భాయ్ దగ్గరికే పోతాను. నొక్కిపెట్టిన స్ప్రింగ్ జారితే మనిషికి ప్రమాదం, దానికి నా దగ్గర సరైన పరికరం లేదు.

పోయిన వారం చక్రాలు విప్పినప్పుడు కుడివైపు బయటి బూట్ మడతల్లో సన్నని పగుళ్లు కనపడ్డాయి. గ్రీజు ఇంకా బయటికి రాలేదు. బూట్, గ్రీజు ప్యాకెట్, రెండు క్లిప్పులు, కొత్త యాక్సిల్ నట్టు తెచ్చి అలమారలో పెట్టాను. బావమరిదికి ఫోన్ చేస్తే సంక్రాంతికి వస్తానన్నాడు, చెక్కలు జాగ్రత్తగా ఉన్నాయా అని అడిగాడు.