మల్లి మూతికి బుట్ట: తొమ్మిది నెలల వాడకం తర్వాత

కుక్క కరవకుండా మూతికి తొడిగే మజిల్ ఇది, మెత్తని రబ్బరుతో బుట్టలా అచ్చుపోసింది. నలుపు రంగు. చెవుల వెనక బిగించే పట్టీ ఒకటి, గడ్డం కింది నుంచి మెడ బెల్టుకు తగిలించే చిన్న పట్టీ ఒకటి, నుదుటి మీదుగా వెళ్లేది మరొకటి. మా కుక్క మల్లి తొమ్మిది నెలలుగా దీన్ని వేసుకుంటోంది. కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్న వాళ్ల కోసం రాస్తున్నాను. నేనూ ఏడాదిపాటు అలాగే ఊగిసలాడాను. ఆ ఏడాదిలోనే జరగకూడనిది జరిగింది.

మల్లి 22 కిలోల మిశ్రమ జాతి కుక్క. రెండేళ్ల వయసులో మా ఇంటికి వచ్చింది. నెమ్మదైనదే, కానీ తల మీదికి చెయ్యి వస్తే ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఒకరోజు మెట్ల మలుపులో నేను తాళం తీస్తుండగా ఎదురింటి బాబు వెనక నుంచి వచ్చి దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. ప్రేమతోనే వేశాడు. మల్లి గుర్రుమనలేదు. గిరుక్కున తల తిప్పి, పంటితో వాడి మణికట్టును గీసింది. సన్నని ఎర్రటి గీత పడింది.

కుళాయి కింద పెట్టి, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాం. వాడు ఏడుస్తున్నా ఆపలేదు. కుక్కకాటు గాయం ఎంత చిన్నదైనా మొదట చేయవలసింది అదే. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల వల్లనే సోకుతుంది. మల్లికి టీకా గడువు దాటలేదు, కార్డు చూపించాను. అయినా పది రోజులు కనిపెట్టి చూడమని పశువైద్యురాలు చెప్పారు. కరిచిన నాటికి కుక్క లాలాజలంలో ఆ వైరస్ ఉంటే, పది రోజుల్లోపే దానికి జబ్బు ముదిరి ప్రాణం పోతుంది. పదో రోజుకు అది ఆరోగ్యంగా ఉంటే ఆ భయం లేనట్టే. బాబును వాళ్ల డాక్టరు విడిగా చూసి, వాడికి కావలసిన టీకాలు వేశారు. పదకొండో రోజు పొద్దున మల్లి ఎప్పటిలాగే గిన్నె ఖాళీ చేసి తోక ఊపుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.

బాబు వాళ్లమ్మ నన్ను నిందించలేదు. "అక్కా, మీ మీద నాకు కోపం లేదు. కానీ వాడు మెట్ల మీద ఒంటరిగా నడవనంటున్నాడు" అంది. తిట్టినా అంత బాధ కలిగేది కాదు. ఆ మెట్లు వాడివి కూడా.

పశువైద్యురాలు నన్ను ఒక ప్రశ్న అడిగారు: "ఇది గుర్రుమంటే మీరేం చేస్తారు?" కసురుకుంటానని చెప్పాను. పెంపకమంటే అదేననుకునేదాన్ని. కుక్క కరిచే ముందు చాలా చెబుతుందని ఆవిడ వివరించారు. ముఖం పక్కకు తిప్పుకుంటుంది, పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది, కదలకుండా బిగుసుకుంటుంది. వీటిలో దేన్నీ మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. దానికీ దెబ్బలో తిట్లో తగిలితే, ఆ మాట కూడా మానేసి నేరుగా పళ్లకు పనిచెబుతుంది. మల్లి నోరు నేనే మూయించాను. మజిల్ ఆ తప్పును దిద్దదు. నేను దిద్దుకునేంతవరకు ఇంకొకరి పిల్లవాడి చర్మం తెగకుండా కాపాడుతుంది. దీని నుంచి ఆశించవలసింది అంతే, అది మాత్రం పూర్తిగా చేస్తోంది.

మొదట కొన్నది ఇది కాదు, గుడ్డతో కుట్టిన గొట్టంలాంటిది. మూతిని దగ్గరగా బిగించి పట్టుకుంటుంది. చూడడానికి చిన్నగా, మర్యాదగా ఉందని కొన్నాను. రెండో నడకలోనే మల్లి కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పడమే అది ఒళ్లు చల్లబరచుకునే ముఖ్యమైన దారి. నోరు కట్టేసి ఎండలో నడిపించడమంటే ఆ దారి మూసేయడమే. వైద్యం చేసేటప్పుడు ఒకటి రెండు నిమిషాలకు ఆ గుడ్డ గొట్టం పనికొస్తుందేమో గాని, నడకకు ఎవరూ వాడవద్దు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

బుట్ట రకంలో నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. మల్లి దీన్ని వేసుకునే రొప్పుతుంది, గిన్నెలో మూతి ముంచి నీళ్లు తాగుతుంది, సందుల్లోంచి నేనిచ్చే ముక్కలు అందుకుంటుంది. అయితే కొలత సరిగ్గా ఉంటేనే. నేను మల్లి నోరు మూసుకుని ఉండగా టేపు పెట్టాను. వచ్చిన బుట్టలో దవడ సగమే తెరుచుకుంది, వెనక్కి పంపవలసి వచ్చింది. కళ్లకు ఒక సెంటీమీటరు ముందు మూతి చుట్టుకొలత తీసుకోండి. ముక్కు కొన నుంచి అక్కడి వరకు పొడవు చూడండి. అన్నిటికంటే ముఖ్యం, బాగా పరిగెత్తి రొప్పుతున్నప్పుడు పై దవడ నుంచి కింది దవడ వరకు ఎత్తు కొలవండి. మల్లికి పొడవు 9 సెంటీమీటర్లు, చుట్టుకొలత 27. కంపెనీ పట్టికలో ఎత్తు గడే లేదు. ఈ వస్తువులో నాకు కనిపించిన పెద్ద లోపం అదే.

అలవాటు చేయడానికి ఐదు వారాలు పట్టింది. మొదటి వారమంతా పట్టీలు ముట్టుకోలేదు. బుట్టను గిన్నెలా పట్టుకుని అడుగున ఉడికించిన కోడిమాంసం ముక్క వేసేదాన్ని. మల్లి తనంతట తాను మూతి పెట్టి తినేది, ఇష్టం వచ్చినప్పుడు తీసేసేది. ఆ తర్వాత మూతి లోపల ఉండగా ముక్క మీద ముక్క. మూడో వారంలో పట్టీ బిగించి, ఐదు లెక్కపెట్టి తీసేయడం. ఒకరోజు తొందరపడి నిమిషం ఉంచితే ముందు కాళ్లతో గీరుకుంది. మళ్లీ రెండు రోజులు వెనక్కి వెళ్లాం. బుట్ట లోపల వేరుశనగ వెన్న రాసేవాళ్లు డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం పేరు ఉందేమో చూసుకోవాలి. అది కుక్కలకు విషం.

రబ్బరు వంగుతుంది గనుక మోకాలికి తగిలినా గట్టిగా నొప్పి పెట్టదు. తేలికే. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే వాసన ఉండదు. కానీ ముక్కు పైభాగంలో లోపలి అంచు ఒరుసుకుంటుంది. రెండో నెలలో అక్కడ వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రబడింది. మెత్తని ఉన్ని గుడ్డ అంటించాక తగ్గింది. చెవుల వెనక కొక్కెం వెంట్రుకలను పట్టుకుంటుంది, వేలు అడ్డం పెట్టి బిగించాలి. నుదుటి పట్టీ అక్కర్లేదని మొదట తీసేశాను. మల్లి ఒక్క క్షణంలో బుట్టను కాలితో లాగేసింది. అది తీయకండి.

ఇది వేసి కుక్కను ఒంటరిగా వదిలి వెళ్లకూడదు, ఎక్కడైనా చిక్కుకుంటే ఊపిరాడదు. మొరగకుండా చేయడానికి వాడడం క్రూరత్వం. మజిల్ ఉంది కదా అని గొలుసు వదిలేయడం అంతకన్నా తప్పు. కరవలేకపోయినా, ఎదురుగా దూకే 22 కిలోలు ఒక ముసలివాళ్లను పడేయడానికి చాలు. మా నడక సంచిలో ఇప్పుడు నీళ్ల సీసా, మలం ఎత్తే కవర్లు, మజిల్ కలిసే ఉంటాయి. మెట్లు దిగే ముందే వేస్తాను, మనుషులు పలచబడ్డ చోట తీస్తాను.

చూసేవాళ్ల చూపుల సంగతి కూడా చెప్పాలి. మొదటి నెలలో జనం పక్కకు తప్పుకునేవారు. ఒక పెద్దాయన ఆగి, "ఏమమ్మా, అంత కరిచే కుక్కనా?" అని అడిగారు. "భయపడే కుక్కండీ. భయపడితే కరవగలదు, అందుకే వేశాను" అన్నాను. ఆయన కాసేపు మల్లిని చూసి, "మరి మిగతా కుక్కలకు వాళ్లెందుకు వేయరు?" అన్నారు. ప్రతి కుక్కకూ అవసరం లేదని, ప్రతి కుక్కకూ అలవాటు చేసి ఉంచితే మాత్రం మంచిదని చెప్పాను. కాలు విరిగి నొప్పితో ఉన్న రోజున ఎంత సాధువైన కుక్కయినా డాక్టరు చేతిని కరవవచ్చు. ఆ రోజున కొత్తగా నేర్పలేం.

ఎదురింటి బాబు నాలుగు నెలలు దూరంగానే ఉన్నాడు. నేను పిలవలేదు. ఒక సాయంత్రం వాడే తలుపు దగ్గర నిలబడి, "ఆంటీ, బుట్టలోంచి నేను ముక్క పెట్టనా?" అన్నాడు. వాళ్లమ్మను అడిగి, మల్లి పక్కకు తిరిగి నిలబడేలా చేసి, అరచేతిలో ముక్క ఎలా పెట్టుకోవాలో చూపించాను. తల మీద చెయ్యి వేయవద్దని చెబుతుంటే, "నాకు తెలుసు, దానికి భయం" అన్నాడు. ముక్క అందుకుని మల్లి పెదవులు నాకింది, ముఖం తిప్పుకుంది. ఇక చాలని అర్థం. వాణ్ని ఇంటికి పంపించాను. ఇప్పుడు వారానికోసారి అంతే, ఒక్క ముక్క.

రబ్బరు ఇంకా పగలలేదు, పట్టీ రంధ్రాలు కొంచెం సాగాయి. మళ్లీ కొనవలసి వస్తే ఇదే కొంటాను, ఈసారి ముక్కు దగ్గర ఉన్ని గుడ్డ మొదటి రోజే అంటిస్తాను.